మోలెక్స్–సాటా పవర్ అడాప్టర్: ఏది కొనాలి, ఏది వద్దు

కొత్తగా బిగించిన పీసీ ఆన్ అవుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, హార్డ్ డిస్క్ మాత్రం కదలదు, బయాస్‌లోనూ (పీసీ మొదలయ్యేటప్పటి సెట్టింగుల తెర) కనిపించదు. అది ఎంటర్‌ప్రైజ్ (సర్వర్ల కోసం చేసిన) డ్రైవో, ఎక్స్‌టర్నల్ బాక్సులోంచి తీసినదో అయితే ముందు డ్రైవుకు కరెంటు ఇచ్చే సాటా పవర్ కనెక్టర్‌లోని 3వ పిన్నును అనుమానించాలి. పాత పద్ధతి సాటా పవర్ కేబుల్లో 1, 2, 3 పిన్నులకు 3.3 వోల్టులు వస్తాయి. ఇలాంటి కొత్త డ్రైవుల్లో చాలావాటికి 3వ పిన్నులో వోల్టేజ్ ఉంటే ఆగిపొమ్మని అర్థం. పాడైందనుకుని వెనక్కి పంపకండి.

మోలెక్స్–సాటా అడాప్టర్ సరిగ్గా అక్కడే పనికొస్తుంది. మోలెక్స్‌లో, అంటే ఎస్ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) నుంచి వచ్చే పాత రకం నాలుగు పిన్నుల ప్లగ్గులో, 12, 5 వోల్టుల తీగలు, రెండు గ్రౌండ్లే ఉంటాయి. 3.3 అసలు రాదు కాబట్టి డ్రైవ్ తిరుగుతుంది.

కొనేముందు సాటా తల వెనక వైపు చూడండి. తీగలు ఒక్కొక్కటే విడిగా లోపలికి వెళ్లి, వెనక మూత ఊడదీసేలా ఉంటే తీసుకోండి. తీగల చుట్టూ ప్లాస్టిక్ ముద్దగా పోసినది వద్దే వద్దు, లోపల షార్టయి కాలిపోయినవి ఉన్నాయి. ఒక్కో అడాప్టర్‌కు ఒక్క డ్రైవే పెట్టండి, 3.5 అంగుళాల డిస్క్ మొదట తిరిగేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది.

డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెట్టి 3వ పిన్నుపై క్యాప్టన్ టేపు (కరెంటు పారనివ్వని పల్చటి టేపు) అంటించినా చాలు, కానీ కేబుల్ తీసి పెట్టినప్పుడల్లా అది జారుతుంది.

మామూలు డ్రైవులు కూడా లేవకపోతే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌కు (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం) వేరే ఎస్ఎంపీఎస్ తాలూకు కేబుల్ తగిలించారేమో చూడండి. ప్లగ్గు పట్టినా పిన్నుల వరుస తేడా ఉంటే డ్రైవ్ కాలిపోవచ్చు. దానికి ఏ అడాప్టరూ మందు కాదు.