లెయ్‌ప్యాయూస్తో: పేరులో రొట్టె ఉంది, ప్యాకెట్లో లేదు

కొత్తగా ఫిన్లాండ్ వచ్చినవాళ్ళకి ముందే చెప్తున్నా, సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో గుండ్రంగా, పలచగా, అక్కడక్కడా మాడిన మచ్చలతో అచ్చం పుల్కాలా కనిపించే లెయ్‌ప్యాయూస్తో రొట్టె కాదు. "లెయ్‌ప్యా" అంటే రొట్టె అని అప్పటికే వచ్చు కాబట్టి కూరలోకి పనికొస్తుందని తెచ్చేశా. వెనకున్న "యూస్తో" పట్టించుకోలేదు. యూస్తో అంటే చీజ్.

మన భాషలోలాగే ఫిన్నిష్‌లోనూ మామూలుగా సమాసంలో చివరి మాటే అసలు వస్తువు. పూలతోట అంటే తోట, తోటపూలు అంటే పూలు. ఆ లెక్కన ఇది చీజే. తిరగేసి "యూస్తోలెయ్‌ప్యా" అంటే చీజ్ పెట్టిన రొట్టె అవ్వాలి, అవుతుంది కూడా, కాకపోతే ఈ చీజ్‌నే ఆ పేరుతో పిలిచేవాళ్ళూ ఉన్నారు, ఇక మనలాంటివాళ్ళ గతి ఏంటో! మరి మధ్యలో రొట్టె ఎందుకొచ్చిందంటే, విరిచిన పాలగడ్డని పలకలా ఒత్తి రొట్టెలాగే మంట సెగకి కాలుస్తారు కాబట్టి. తమాషా ఏంటంటే రెండు ముక్కలూ పాత జర్మానిక్ భాష నుంచి తెచ్చుకున్న అప్పు మాటలే. లెయ్‌ప్యాకి ఇంగ్లీషు "లోఫ్", యూస్తోకి స్వీడిష్ "ఉస్త్" దగ్గరి చుట్టాలు. అతికించుకున్నది మాత్రం ఫిన్నిష్‌వాళ్ళు.

రుచి సంగతికొస్తే, చల్లగా తింటే చప్పటి గట్టి పన్నీరు, పళ్ళ కింద కీచుకీచుమంటుంది. పెనం మీద నూనె లేకుండా రెండువైపులా కాలిస్తే కరిగిపోదు, అంచుల్లో నెయ్యి చెమరుస్తుంది, అప్పుడు లక్కా అనే నారింజరంగు అడవిపండు జామ్ వేసుకోవాలి, అదీ అసలు రుచి. ఉత్తరాదిన ముక్కలు కప్పులో వేసి పైన వేడి కాఫీ పోస్తారు. చూడగానే నాకు వెగటేసింది కానీ అడుగున నానిన ముక్కల్ని చెంచాతో ఏరుకుని తిన్నాక మాట వెనక్కి తీసుకున్నా.

పూర్వం దీన్ని ఈనిన ఆవు మొదటి పాలతో చేసేవాళ్ళట, ఇప్పుడు మార్కెట్లో దొరికేది మామూలు పాలదే. వీడియో కాల్‌లో అమ్మకి చెప్తే "అయితే జున్నే కదరా, బెల్లం వెయ్యలేదా?" అంది. వేశా. బెల్లం తురుము, యాలకుల పొడి చల్లి ఓవెన్‌లో పది నిమిషాలు పెడితే జామ్ కంటే నాకిదే నచ్చింది.

ఒక కంపెనీది మాత్రం రబ్బరులా సాగింది, మచ్చలు కూడా పైపైనే. పాలక్ కూరలో వేస్తే మసాలా అస్సలు పట్టలేదు. కూరకి సున్నా, కాఫీకి అయిదుకి నాలుగు.