సెయింట్ అగస్టీన్ దీపస్తంభం: ఎక్కి చూడదగ్గ మరమ్మతు

ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ పట్టణానికి వెళ్లే తెలుగు కుటుంబాలు సాధారణంగా స్పెయిన్ వారి రాతికోట చూసి, పాత వీధుల్లో తిరిగి, సాయంత్రానికి జాక్సన్‌విల్‌కో ఒర్లాండోకో మళ్లుతుంటాయి. వంతెన దాటితే వచ్చే అనస్టేసియా దీవిలోని లైట్‌హౌస్‌ను దూరం నుంచి ఫొటో తీసుకుని సరిపెట్టుకునేవారే ఎక్కువ. నలుపు తెలుపు చారలు మెలికలు తిరుగుతూ ఎర్రటి దీపపు గది దాకా పాకిన ఆ కట్టడం బయటి నుంచి అందంగానే ఉంటుంది. అయితే టికెట్ కొని లోపలికి వెళితేనే, పాడుబడుతున్న ఆస్తిని ఊరివాళ్లు పట్టుబట్టి ఎలా నిలబెట్టుకున్నారో తెలుస్తుంది.

ఇప్పుడున్న స్తంభంలో తొలిసారి దీపం వెలిగింది 1874 అక్టోబరులో. దానికి ముందు, స్పెయిన్ కాలపు కావలి బురుజు ఉన్న చోట 1824 నుంచి మరో దీపం ఉండేది. సముద్రం ఏటికేడు తీరాన్ని కోసుకుంటూ వచ్చి 1880లో ఆ పాత కట్టడాన్ని కూల్చేసింది. కొత్త స్తంభం ఎత్తు 165 అడుగులు. దాని పక్కనే దీపాన్ని చూసుకునే ఉద్యోగుల కుటుంబాల కోసం 1876లో ఇటుకల ఇల్లు కట్టారు. 1936లో కరెంటు, 1955లో దీపం తనంత తానే వెలిగే ఏర్పాటు వచ్చాక మనుషుల అవసరం తీరిపోయింది. ఆలనాపాలనా తగ్గిన ఆ ఇల్లు 1970లో నిప్పంటుకుని మొండిగోడలతో మిగిలింది.

దానిని తిరిగి నిలబెట్టే పనికి 1980లో పూనుకున్నది జూనియర్ సర్వీస్ లీగ్ అనే స్థానిక మహిళల స్వచ్ఛంద సంఘం. వారు ఇంటిని లీజుకు తీసుకుని, విరాళాలు పోగుచేసి, బాగుచేయించి 1988లో మ్యూజియంగా తెరిచారు. ఈలోపే, 1986లో ఎవరో తుపాకీతో కాల్చడం వల్ల పైన దీపం చుట్టూ గాజు పట్టకాలు పేర్చి చేసిన ఫ్రెనెల్ కటకంలో (లెన్స్) 19 పట్టకాలు దెబ్బతిన్నాయి. పాత కటకాన్ని దించేసి ఆధునిక దీపం పెట్టే ఆలోచన తీర రక్షక దళానికి కలిగినప్పుడు, దానినే బాగుచేయించాలని ఆ మహిళలు పట్టుబట్టారు. 1993లో అదే కటకంలో మళ్లీ వెలుగు నిండింది, మరుసటి ఏడాది నుంచి స్తంభంలోకి సందర్శకులను అనుమతించారు. ఈ ఘట్టం తెలిశాకే మెట్లెక్కాలని నా సలహా, ఎందుకంటే పైన కనిపించే గాజు విలువ అప్పుడే అర్థమవుతుంది. దీపం నుంచి నలువైపులా చెదిరిపోయే కాంతిని పట్టకాల వరుసలు వంచి, సముద్రం వైపు దట్టమైన పుంజంగా పంపుతాయి. పదో తరగతి పుస్తకంలో వక్రీభవనం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవారందరూ దాని అసలు పనిని ఇక్కడ నిలువెత్తున చూడవచ్చు.

మెట్లు 219, పోత ఇనుపవి, లోపలి గోడ వెంబడి సుడి తిరుగుతూ పోతాయి. లిఫ్టు లేదు. మధ్యమధ్య ఆగడానికి వేదికలూ, గాలి వచ్చే కిటికీలూ ఉన్నా, వేసవి మధ్యాహ్నం ఎక్కడం సాహసమే. కరెంటు రాకముందు ఉద్యోగులు దీపానికి కావలసిన నూనెను ఈ మెట్ల మీదుగానే మోసుకెళ్లేవారని తలచుకుంటే మన ఆయాసం గురించి ఫిర్యాదు చేయబుద్ధి కాదు. 44 అంగుళాల ఎత్తు లేని పిల్లలను ఎక్కనివ్వరు, ఎత్తుకుని తీసుకెళ్లడానికీ వీల్లేదు. కాబట్టి చంటిపిల్లలు ఉన్నవారు వంతులవారీగా ఎక్కవలసి వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ మ్యూజియం గతాన్ని అద్దాల పెట్టెలో పెట్టి ఊరుకోకపోవడం. ఇక్కడి సముద్ర పురావస్తు విభాగం 2009లో తీరానికి దగ్గరలో ఒక ఓడ శిథిలాన్ని కనుగొంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన నిలిచినవారు 1782 డిసెంబరులో చార్లెస్టన్ వదిలి వస్తుండగా మునిగిపోయిన ఓడ అది. ఉప్పునీటిలో గడ్డకట్టిన వస్తువులను శుభ్రపరిచి కాపాడే పని గురించి ఇక్కడ సందర్శకులకు వివరిస్తారు. చెక్క పడవలను పాత పద్ధతిలో కట్టే స్వచ్ఛంద కార్యకర్తలు మరోపక్క ఉంటారు. ఓక్ చెట్ల నీడలో నడకదారులు ఉన్నందున, మెట్లెక్కలేని పెద్దవాళ్లకు కూడా పొద్దుపోతుంది. బడి పిల్లల విహారయాత్రకు ఇంతకంటే మంచి చోటు ఆ పట్టణంలో నాకు తోచలేదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. స్తంభం కడుతున్న రోజుల్లో, 1873 జూలైలో, సామగ్రి మోసే బండి నీళ్లలో పడి ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఇద్దరు నిర్మాణ పర్యవేక్షకుడి కూతుళ్లు, మూడో ఆమె నల్లజాతి బాలిక. రాత్రిపూట నడిపే దయ్యాల టూర్లకు ఆ విషాదమే ఊతం. వాటి ఆదాయం మరమ్మతులకు పనికివస్తుందనే వాదన ఉండవచ్చు, అయినా పగటిపూట ఇంత నిజాయితీగా చరిత్ర చెప్పే చోట అది నాకు పంటికింద రాయిలా తగిలింది. పిల్లలతో వెళ్లేవారు పగటి టికెట్టే తీసుకుని, ఎండ ముదరకముందే చేరుకుని, మొదట ఇంట్లోని మ్యూజియం చూసి, తరువాత స్తంభం ఎక్కడం మంచిది.