విండోస్ కీ, నాలుగు బాణాలు: విండోల సర్దుబాటుపై ఒక అనువాదకుడి సమీక్ష

అనువాదం చేసేవారికి తెర మీద ఎప్పుడూ రెండు పాఠాలు కావాలి. ఎడమ పక్క మూలం, కుడి పక్క తెలుగు. నిఘంటువు మూడోది, అవసరమైనప్పుడల్లా పైకి రావాలి. వీటిని మౌస్‌తో ఈడుస్తూ, అంచులు పట్టుకుని సాగదీస్తూ కూర్చుంటే చేయి నొప్పి పుట్టడమే కాదు, మనసులో కుదురుతున్న వాక్యం కూడా చెదిరిపోతుంది. అందుకే విండోస్ 7 వచ్చిన కాలం నుంచి ఈ సర్దుబాటంతా కీబోర్డు మీదనే చేస్తున్నాను. ఇప్పుడు వాడుతున్నది విండోస్ 11. ఈ సదుపాయానికి నేను నూటికి తొంభై మార్కులు వేస్తాను. ఆ తొంభైలో ఎక్కువ భాగం పాత మీటలకే చెందుతుంది.

విండోస్ కీ, అంటే కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట, పట్టుకుని ఎడమ బాణం నొక్కితే ముందున్న విండో తెరలో ఎడమ సగానికి అతుక్కుంటుంది. కుడి బాణం నొక్కితే కుడి సగానికి చేరుతుంది. 2009లో విండోస్ 7తో వచ్చిన ఈ రెండు మీటలే నా పనిలో ముప్పావు భాగం చేసిపెడుతున్నాయి. చరిత్ర చూస్తే ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1985 నాటి విండోస్ 1.0లో విండోలు పక్కపక్కనే పరుచుకునేవి, ఒకదాన్నొకటి కప్పేవి కావు. కప్పే వీలు 1987లో 2.0తో వచ్చింది. రెండు పాఠాలు ఎదురెదురుగా పెట్టుకుని పనిచేసే నాలాంటివారికి మాత్రం ఆ మొదటి పద్ధతే నప్పుతుంది.

పై బాణం, కింది బాణం దగ్గర కొత్తవారు తికమకపడతారు. సగంలో ఉన్న విండో మీద విండోస్ కీతో పై బాణం నొక్కితే అది తెర అంతా పరుచుకోదు, పై మూలలో పావు భాగంలోకి వెళ్తుంది. తెరంతా నిండిన విండో మీద కింది బాణం నొక్కితే ముందు మామూలు పరిమాణానికి వస్తుంది, మళ్లీ నొక్కితే తెర అంచున ఉండే పట్టీలోకి, అంటే టాస్క్‌బార్‌లోకి, దిగిపోతుంది. మీట ఒక్కటే అయినా ఫలితం విండో ఉన్న స్థితిని బట్టి మారుతుంది. ఇది గుర్తుంటే తికమక ఉండదు. మీటలు నేర్పేవారు దీన్ని ముందే చెప్పాలి, చాలామంది చెప్పరు.

తెలుగు చదివేవారికి సగం తెర అన్నిసార్లూ చాలదు. 1366 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పున్న చిన్న ల్యాప్‌టాప్‌లో సగమంటే 683 పిక్సెళ్లే. మన సమాసాలు పొడుగు, వత్తులు కింద చోటు అడుగుతాయి, అక్షరం చిన్నదైతే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కనిపించదు. అలాంటప్పుడు తెలుగుకు మూడింట రెండు వంతులు, మూలానికి ఒక వంతు ఇవ్వాలి. విండోస్ 11లో విండోస్ కీతో జెడ్ నొక్కితే అమరికల నమూనాలు కనిపిస్తాయి, వాటి మీదున్న అంకె నొక్కి కావలసినది ఎంచుకోవచ్చు. ఇది మంచి చేర్పు. అయితే ఒక విండోను అతికించగానే రెండో సగానికి ఏది కావాలో అడుగుతూ మిగతా విండోల బొమ్మలు పరిచే పద్ధతి నాకు నచ్చలేదు. సెట్టింగ్స్‌లో మల్టీటాస్కింగ్ కింద దాన్ని ఆపేసుకున్నాను.

అందరూ మరిచిపోయిన మీట ఒకటుంది: ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కడం. విండోకు సంబంధించిన చిన్న మెనూ తెరుచుకుంటుంది. అందులో ఎం నొక్కితే జరపడం, ఎస్ నొక్కితే పరిమాణం మార్చడం, ఆ తర్వాత అంతా బాణాలతోనే. కంట్రోల్ కూడా పట్టుకుంటే కదలిక ఒక్కో పిక్సెల్ చొప్పున సాగుతుంది. దీని అసలు విలువ రెండో మానిటర్ తీసేసినప్పుడు తెలుస్తుంది. ఒక్కోసారి విండో ఆ లేని తెర మీదనే ఉండిపోతుంది. టాస్క్‌బార్‌లో కనిపిస్తుంది, తెర మీద కనిపించదు. అప్పుడు ఆల్ట్ ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని, ఆల్ట్ స్పేస్, ఎం, ఏదో ఒక బాణం ఒక్కసారి నొక్కి మౌస్ కదిపితే విండో మౌస్ వెంటే వచ్చేస్తుంది, ఎంటర్ నొక్కితే అక్కడ నిలుస్తుంది. మా కార్యాలయంలో ప్రొజెక్టర్ తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ పనికి నన్ను పిలుస్తారు, నేను సంతోషంగా వెళ్తాను. రెండు మానిటర్లూ పనిచేస్తున్నప్పుడైతే విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని పక్క బాణం నొక్కితే చాలు, విండో పక్క తెరకు దూకుతుంది.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే అదనపు పరికరాల కట్టలో ఫ్యాన్సీజోన్స్ అనే పరికరం ఉంది. తెరను మనకు కావలసిన కొలతల్లో గదులుగా విభజించుకుని, విండోలను బాణం మీటలతోనే ఆ గదుల్లోకి పంపవచ్చు. పెద్ద మానిటర్ ఉన్నవారికి ఇది నిజంగా అవసరం. మూలం, అనువాదం, నిఘంటువు మూడూ నిలువుగా అమరితే మెడ తిప్పకుండా పని సాగుతుంది. చిన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం దీని అవసరం లేదు. ఒక జాగ్రత్త: అప్లికేషన్లను వెతికి తెరిచే పవర్‌టాయ్స్ రన్ అనే మరో పరికరం ఆన్‌లో ఉంటే, దానికి మొదటి నుంచీ కేటాయించిన మీట కూడా ఆల్ట్ స్పేసే. పైన చెప్పిన మెనూ కావాలంటే దాని మీటను సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి. అదే పవర్‌టాయ్స్‌లో విండోస్ కీ, కంట్రోల్, టీ కలిపి నొక్కితే ముందున్న విండో అన్నిటి పైనా నిలిచిపోతుంది. నిఘంటువును నేను అలాగే నిలిపి ఉంచుకుంటాను.

చాలాకాలం తీరని లోటు పొద్దున్నే కంప్యూటర్ తెరిచాక అన్నీ మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవడం. 2024లో పవర్‌టాయ్స్‌కు చేరిన వర్క్‌స్పేసెస్ దీన్ని చాలావరకు తీర్చింది. ఏ విండో ఎక్కడ ఉండాలో ఒకసారి గుర్తుపెట్టిస్తే, తర్వాత ఒక్క ఐకాన్‌తో అన్నీ తమతమ చోట్లలో తెరుచుకుంటాయి. అప్లికేషన్లు మాత్రమే వస్తాయి, నిన్న ఆపిన ఫైలు దానంతటది రాదు. ఆ అప్లికేషన్ వివరాల్లో ఫైలు దారి కూడా రాసి ఉంచితే వర్డ్‌లో నేరుగా ఆ ఫైలే తెరుచుకుంటుంది. కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడల్లా ఆ దారి మార్చుకోవడం నాకు అలవాటైంది.