మూడేళ్ల వాడకంలో మూడు కంట్రోలర్లు: ఎమ్యులేటర్‌కు ఏది నిలబడింది

హన్మకొండలో ఒకే టేబుల్, ఒకే విండోస్ కంప్యూటర్. ఎమ్యులేటర్ (పాత గేమ్ మిషన్ల గేమ్‌లను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్) కోసం మూడేళ్లుగా దానికి మార్చి మార్చి తగిలించిన మూడు కంట్రోలర్ల ముచ్చట ఇది. ఒకటి నాలుగు వందల రూపాయల వైరు ప్యాడ్. రెండోది ప్లేస్టేషన్ 4 ఆకారంలో వేరే కంపెనీ చేసిన బ్లూటూత్‌ది. మూడోది ఎక్స్‌బాక్స్ తీరుది, హాల్ ఎఫెక్ట్ (అయస్కాంతంతో పనిచేసే) స్టిక్కులు, వైరు. ఆడినవి ఎక్కువగా నింటెండో, సూపర్ నింటెండో, ప్లేస్టేషన్ 1 గేమ్‌లు. నింటెండో 64, గేమ్‌క్యూబ్ అప్పుడప్పుడు. అన్నీ సొంత క్యాసెట్ల, డిస్కుల కాపీలే.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. పాత గేమ్‌లకు కంట్రోలర్ అంటే డీ-ప్యాడే, అంటే నాలుగు దిక్కులకు నొక్కే ప్లస్ బటనే. బటన్లు ఎక్కడున్నా మార్చుకోవచ్చు, స్టిక్కు కొంచెం తేడా చేసినా సర్దుకోవచ్చు. డీ-ప్యాడ్ బాగా లేకుంటే మాత్రం ఏ సెట్టింగూ ఆదుకోదు.

ఈ ప్లస్ గుర్తు డీ-ప్యాడ్‌ను గున్‌పెయ్ యొకోయ్ తయారుచేస్తే, 1982లో గేమ్ అండ్ వాచ్ డాంకీ కాంగ్‌తో అది జనం చేతికొచ్చింది. దాని కిటుకంతా అడుగున మధ్యలో ఉండే చిన్న బొడిపెలో ఉంది. ప్లస్ ఆ బొడిపె మీద తక్కెడలా ఊగుతుంది కాబట్టి ఒక వైపు దిగితే ఎదుటి వైపు లేస్తుంది, కుడి ఎడమ ఒకేసారి తగలవు. చవక ప్యాడ్లలో ఈ బొడిపె పొట్టిగా ఉంటుంది. అప్పుడు ప్లస్ ఊగదు, మొత్తంగా కిందికి కుంగుతుంది. లొల్లి అంతా అక్కడే మొదలు.

కాంట్రా ఆడితే అది ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. కింద నొక్కితే మనిషి బోర్లా పడుకోవాలి. బొటనవేలు రవ్వంత కుడికి ఒరిగినా ప్యాడ్ ‘కింద-కుడి’ అని పంపిందంటే, పడుకోవాల్సినోడు లేచి తూటాకు ఎదురు ఉరుకుతాడు. టెట్రిస్‌లో పక్కకు జరపబోయిన ముక్క కిందికి జారుతుంది. స్ట్రీట్ ఫైటర్ 2లో దీనికి ఉల్టా కష్టం: హడోకెన్‌కు (నిప్పు బంతి విసిరే దెబ్బకు) కింద, కింద-కుడి, కుడి వరసగా పడాలి, నడుమ మూల తగలకుంటే ఉత్త పిడిగుద్దే వస్తుంది. మూలలు అడగంగానే రావాలి, అడగనప్పుడు రావొద్దు.

కొనే ముందు చూసుకునే పద్ధతి ఉంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ‘జాయ్ డాట్ సీపీఎల్’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి, ప్రాపర్టీస్ తెరవండి. కుడి వైపు నొక్కి పట్టుకుని వేలును మెల్లగా పైకీ కిందికీ ఊపండి. బాణం కుడికే నిలబడాలి. కొద్దిపాటి ఊపుకే మూలకు దూకితే ఆ ప్యాడ్ వద్దు. నాలుగు వైపులా ఇరవయ్యేసి సార్లు ఇదే చేయండి. ఆఖర్న సరిగ్గా నడుమ నొక్కండి, ఏదీ పలకొద్దు. ఎక్స్‌బాక్స్ తీరు వాటికి ఈ కిటికీలో రెండు ట్రిగ్గర్లూ ఒకే గీతను చెరో వైపు లాగుతాయి. అది ఆ పాత కిటికీ పద్ధతి, కంట్రోలర్ చెడిపోవడం కాదు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ దాకా పోయి కొనేవాళ్లు ల్యాప్‌టాప్ వెంట తీసుకుపోవాలి. మళ్లీ మార్చడానికి ఇంకో రోజు పోగొట్టుకోవడం కంటే బరువు మోయడమే నయం.

నాలుగు వందల ప్యాడ్ ఈ పరీక్షలో తప్పింది. అయినా పడేయలేదు, టేపుతో బాగుపడింది. వెనక స్క్రూలు విప్పితే డీ-ప్యాడ్ కింద రబ్బరు, దాని కింద బోర్డు మీద నాలుగు నల్లటి కార్బన్ మచ్చలు కనిపిస్తాయి. మొబైల్ రిపేరు వాళ్లు వాడే గోధుమరంగు క్యాప్టన్ టేపును సన్నగా కత్తిరించి, ఒక్కో మచ్చకు రెండు పక్కలా మిల్లీమీటరు మేర కప్పాలి. అప్పుడు రబ్బరు కాస్త నడుమకు పడితేనే కాంటాక్ట్ అవుతుంది, పక్కకు ఒరిగిన వేలును ప్యాడ్ పట్టించుకోదు. మొదటిసారి ఒకటిన్నర మిల్లీమీటరు కప్పితే మూలలే మాయమైనయి, హడోకెన్ పదిలో రెండు కూడా పడలేదు. తీసి మళ్లీ వేయాల్సొచ్చింది. మామూలు సెల్లో టేపు మాత్రం వద్దు. ఏప్రిల్, మే ఎండలకు దాని జిగురు కారి కార్బన్ మీదికి పాకుతుంది.

ఈ రకం ప్యాడ్లకు నడుమ ‘అనలాగ్’ అని ఒక బటన్, పక్కన ఎర్ర లైటు ఉంటాయి. లైటు ఆరి ఉంటే డీ-ప్యాడ్ నొక్కులు ఎడమ స్టిక్కు కదలికలుగా పోతాయి, వెలిగితే డీ-ప్యాడ్‌గానే పోతాయి. లైటు వెలిగించి సెట్ చేసుకుని, రేపు మర్చిపోయి ఆర్పి ఆడితే ఏదీ పనిచేయదు, మనమేమో ఎమ్యులేటర్‌ను తిట్టుకుంటాం. ఇంకో చిక్కు: లోపలి చిప్పు ఒకటే కాబట్టి వేర్వేరు డబ్బాల్లో వచ్చే ఈ ప్యాడ్లలో చాలావరకు కంప్యూటర్‌కు ఒకే పేరు చెప్తాయి. ఎమ్యులేటర్లను ఒక్కచోట నడిపే ప్రోగ్రామ్ రెట్రోఆర్చ్ ఆ పేరు చూసి ఇంకెవరి ప్యాడ్‌కో రాసిన బటన్ల వరుసను తగిలిస్తుంది. ఒక్కసారి ఓపికగా అన్ని బటన్లూ చేత్తో సెట్ చేసి ప్రొఫైల్ సేవ్ చేస్తే సరి. ఈ ప్యాడ్ పద్నాలుగో నెలలో వైరు మెడ దగ్గర తెగింది. అతికిస్తే ఇంకా నడుస్తోంది.

ప్లేస్టేషన్ ఆకారానికి ఉన్న గొప్ప సౌలత్, బొటనవేలు సహజంగా వాలే చోటనే డీ-ప్యాడ్ ఉండటం. టెక్కెన్ 3 గంటసేపు ఆడినా వేలు నొయ్యదు. ఇదే గేమ్‌ను ఎక్స్‌బాక్స్ తీరు దానిమీద ఆడితే వేలు కిందికి వంచాలి, అరగంటకే బొటనవేలి మొదట్లో లాగుతుంది. ప్లేస్టేషన్ 1కు ఇంకో సంగతి: బీటిల్ కోర్ (రెట్రోఆర్చ్‌లో ప్లేస్టేషన్ 1ను నడిపే భాగం) మొదట స్టిక్కులు లేని పాత కంట్రోలర్‌గానే మొదలవుతుంది. క్విక్ మెనూలో కంట్రోల్స్, పోర్ట్ 1, డివైస్ టైప్‌లో డ్యూయల్‌షాక్ (స్టిక్కులున్న ప్లేస్టేషన్ కంట్రోలర్) ఎంచుకోకుంటే స్టిక్కు కదలదు. అట్లని ఎప్పుడూ అదే ఉంచొద్దు. డ్యూయల్‌షాక్ 1997లో వచ్చింది, అంతకుముందటి గేమ్‌లు కొన్ని దాని అనలాగ్ మోడ్‌ను గుర్తించవు.

దీన్ని బ్లూటూత్‌తో వాడితే మొదట్లో నొక్కులు మధ్యమధ్య ఎగిరిపోయేవి. తప్పు కంట్రోలర్‌ది కాదు. బ్లూటూత్ ముక్క క్యాబినెట్ వెనక, యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కన ఉంది. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తుంది, బ్లూటూత్ తిరిగేదీ అక్కడే. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుతో ముక్కను టేబుల్ మీదికి తెస్తే రోగం కుదిరింది. రెండో ఏడు ఎడమ స్టిక్కు డ్రిఫ్ట్ (ముట్టకున్నా తనంతట కదలడం) మొదలైంది. డెడ్ జోన్‌ను (స్టిక్కు ఎంత కదిలేదాకా పట్టించుకోవద్దనే సెట్టింగ్‌ను) 0.15 దాకా పెంచి నెట్టుకురావచ్చు. 0.25 అవసరమైందంటే స్టిక్కు మార్చాల్సిందే. మొబైల్ రిపేరు షాపులో చేస్తారు గానీ, మాడ్యూల్‌కు పద్నాలుగు కాళ్లుంటాయి, అన్నీ ఒకేసారి కరిగితేనే ఊడుతుంది. పాత అతుకు మీద ముందు సీసం కలిసిన సోల్డర్ వేయమని చెప్పండి. లాగి పీకితే బోర్డు గీతలు లేస్తాయి.

హాల్ ఎఫెక్ట్ స్టిక్కుల్లో అయస్కాంతం, సెన్సర్ ఒకదాన్నొకటి తాకవు కాబట్టి ఆ అరుగుదల లేదు. మూడో కంట్రోలర్‌లో డెడ్ జోన్ ఇప్పటికీ 0.05. నింటెండో 64కు, గేమ్‌క్యూబ్‌కు ఇదే. నింటెండో 64 కంట్రోలర్ మీది నాలుగు సీ-బటన్లను కుడి స్టిక్కు మీద పెట్టుకోవచ్చు. గేమ్‌క్యూబ్ ట్రిగ్గర్లు ఎంత నొక్కితే అంత అన్నట్టు పనిచేసి చివర్లో టక్కుమంటాయి. గేమ్‌క్యూబ్ ఎమ్యులేటర్ డాల్ఫిన్‌లో ఒకే ట్రిగ్గర్‌ను రెండు చోట్లా ఇవ్వాలి: అనలాగ్‌కు మామూలుగా, బటన్‌కు 90 శాతం దాటితే. స్విచ్ తీరు కంట్రోలర్లకు అనలాగ్ ట్రిగ్గర్లు ఉండవు, గేమ్‌క్యూబ్ ఆడేవాళ్లు అవి కొనొద్దు.

బటన్ల పేర్లు మొదటి వారం తికమక పెడతాయి. సూపర్ నింటెండోలో ‘ఏ’ కుడి పక్కన, ‘బీ’ అడుగున. ఎక్స్‌బాక్స్‌లో తలకిందులు. రెట్రోఆర్చ్ సూపర్ నింటెండో లెక్కనే నడుస్తుంది, కాబట్టి అక్షరాలు మరిచి చోటు గుర్తుపెట్టుకోండి. పాత నింటెండో గేమ్‌లకు మాత్రం ఉరుకును ఎడమ బటన్‌కు, దూకును అడుగు బటన్‌కు మార్చి కోర్ రీమ్యాప్ (ఆ గేమ్‌లకే వర్తించే బటన్ల మార్పు) సేవ్ చేయాలి. వేలి కొసతో ఉరుకు పట్టి ఉంచి, వేలి మెత్తతో దూకొచ్చు. అసలు క్యాసెట్ గేమ్ ఆడిన చేయి అట్లనే అలవాటు పడి ఉంటుంది.

నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే ఆలస్యం గురించి కంట్రోలర్‌ను మరీ తిట్టొద్దు. కంప్యూటర్ సెకనుకు 125 సార్లు అడిగే ప్యాడ్ మహా అయితే 8 మిల్లీసెకన్లు తింటుంది, తెర మీద ఒక ఫ్రేమ్ (ఒక బొమ్మ) నిలిచేదే దాదాపు 16.7. గేమ్ తనంతట తాను ఒకటి రెండు ఫ్రేములు తింటుంది, దాన్ని రెట్రోఆర్చ్‌లోని రన్-అహెడ్ సెట్టింగ్‌తో తీసేయొచ్చు. కీబోర్డు మీద ‘పీ’ అక్షరంతో ఆపి, దూకు బటన్ పట్టుకుని, ‘కే’ అక్షరంతో ఒక్కో ఫ్రేమ్ జరపండి. ఎన్నో నొక్కుకు మనిషి కదిలితే అందులోంచి ఒకటి తీసేసిన అంకె పెట్టాలి. అంతకంటే ఎక్కువ పెడితే బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. నింటెండో, సూపర్ నింటెండోకు హాయిగా నడుస్తుంది. నింటెండో 64కు ప్రాసెసర్ మీద బరువు, వదిలేయండి.

మెనూలో ఒక నొక్కుకు రెండు వరసలు దూకుతుంటే కంట్రోలర్ విప్పకండి. వెనక స్టీమ్ (గేమ్‌లు కొని ఆడే ప్రోగ్రామ్) తెరిచి ఉందేమో చూడండి. అది ఇంకో ఉత్తుత్తి కంట్రోలర్‌ను పుట్టిస్తుంది, నొక్కు రెండు దారుల్లో వస్తుంది. స్టీమ్ మూసేస్తే చాలు.

ఎండకాలం చెమట, దుబ్బ కలిసి బటన్ల అంచుల్లో పేరుకుంటాయి, నొక్కిన బటన్ తిరిగి లేవదు. ఆరు నెలలకోసారి విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో రబ్బరు, కార్బన్ మచ్చలు తుడవాలి. థిన్నర్, పెట్రోల్ ప్లాస్టిక్‌ను తింటాయి. పట్టు కోసం మెత్తటి రబ్బరు పూత వేసిన మోడళ్లు షాపులో ముచ్చటగా ఉంటాయి గానీ, ఇక్కడి వేడికి ఆ పూత రెండేళ్లలో బెల్లప్పాకంలా అంటుకుంటుంది. గరుకు ప్లాస్టిక్‌దే తీసుకోండి.

వెయ్యి రూపాయల లోపు అయితే వైరు ప్యాడ్, క్యాప్టన్ టేపు. ఒక్కటే కొని అన్నీ ఆడాలంటే, హాల్ స్టిక్కులుండి డీ-ప్యాడ్ ఎడమ పక్క పైభాగాన ఉన్నది వెతకండి. ఇక్కడ టేబుల్ మీద మాత్రం ఇప్పుడు రెండే ఉన్నాయి: టెక్కెన్‌కు స్టిక్కు మార్పించిన రెండోది, గేమ్‌క్యూబ్‌కు మూడోది. అతుకు వైరు ప్యాడ్ రెండో ప్లేయర్ వస్తేనే సొరుగులోంచి బయటికొస్తుంది, ఎర్ర లైటు వెలిగించి ఇవ్వాలి.