ఎర్రమట్టిలో రెండేళ్లు నడిచిన బాల్ డిఫ్

అనంతపురం ఎర్రమట్టి మీద, 1/10 సైజు టూ వీల్ డ్రైవ్ రిమోట్ కంట్రోల్ బగ్గీలో, 17.5 టర్న్ (తీగ చుట్ల లెక్క) మోటారుతో ఈ బాల్ డిఫ్ వాడబట్టి రెండేళ్లయింది. మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఇది; లోపల పళ్లచక్రాలకు బదులు రెండు రింగుల మధ్య బాల్స్ ఉంటాయి. బండితో వచ్చిన ఉక్కు బాల్స్ తీసేసి 2.4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ బాల్స్ వేశాక విప్పే పని బాగా తగ్గింది. ఇప్పుడు అరిగేదల్లా రింగులే.

డిఫ్ జారుతోందనగానే అందరూ స్క్రూ బిగిస్తారు. అసలు రోగం చాలాసార్లు ఆ స్క్రూ ఒత్తిడిని మోసే చిన్న త్రస్ట్ బేరింగ్‌లో ఉంటుంది. బిగింపు భారమంతా మోసేవి దానిలోని సన్న బాల్సే. దుమ్ము చేరి అవి పట్టేస్తే, బండి మలుపు తిరిగినప్పుడల్లా స్క్రూ కూడా తిరిగి బిగింపు దానంతటదే మారిపోతుంది. స్క్రూకున్న స్ప్రింగు పూర్తిగా మూసుకున్నాక ఇంకా తిప్పితే స్క్రూ తెగుతుంది, అంతే.

గ్రీజులు తారుమారైతే పని మళ్లీ మొదటికొస్తుంది. పెద్ద బాల్స్‌కు రంగులేని సిలికాన్ గ్రీజు, తడి అంటేంతే చాలు. అక్కడ రింగుకూ బాల్‌కూ ఉన్న పట్టుతోనే చక్రానికి బలం అందుతుంది. నల్ల మాలిబ్డినం గ్రీజు త్రస్ట్ బేరింగ్‌కే. దానికి నిండుగా పెట్టండి.

రింగు మీద గోరు ఆనేంత గాడి పడితే తిరగేసి రెండో వైపు వాడుకోవచ్చు. సన్న గీతలైతే 600 నంబరు వాటర్ పేపర్‌ను నున్నటి కడప బండ మీద పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి. అద్దం ముక్క ఉంటే ఇంకా మేలు. మెరుపు పోయి అంతటా ఒకే తీరుగా మసకబారగానే ఆపేయాలి.

బిగింపులో తొందర పనికిరాదు. స్క్రూ ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, అవుట్‌డ్రైవ్‌లను (డిఫ్ రెండు వైపులా చక్రాల ఇరుసులు తగిలే కప్పులు) చేత్తో పదిసార్లు ఆడించి, మళ్లీ బిగించాలి. స్ప్రింగు మూసుకున్నాక పావు చుట్టు వదలాలి. రెండు అవుట్‌డ్రైవ్‌లనూ అలెన్ కీలతో కదలకుండా పట్టి గేరును బొటనవేలితో తోస్తే జారకూడదు. స్లిప్పర్ (మోటారు బలం మరీ ఎక్కువైతే జారే క్లచ్) మాత్రం డిఫ్ కన్నా ముందే జారాలి. ఇది మరిస్తే ఒక్క బ్యాటరీ అయ్యేలోపే రింగులు పాడై, ఆ వేడికి ప్లాస్టిక్ గేరు కూడా మెత్తబడొచ్చు.

ఆషాఢం గాలుల్లో దుమ్ము జాస్తి, నాలుగైదు బ్యాటరీలకే చేతికి గరగర తగులుతుంది. తగిలిన రోజే విప్పాలి.

ట్రక్కులకూ, బలమైన మోటార్లకూ గేర్ డిఫే సరి. పట్టు తక్కువున్న మన నేల మీద మలుపులో వచ్చే సాఫీతనం కోసం బగ్గీలో దీన్నే ఉంచుతాను. డిఫ్ స్క్రూ బిగిసే టీ-నట్‌లోని నైలాన్ నాలుగైదుసార్లు విప్పేసరికి పట్టు వదిలేస్తుంది; స్క్రూతో పాటు అదీ కొత్తది వేయండి.