పోస్టు పెట్టబోయి ఫీడ్‌లో తప్పిపోకుండా: యూట్యూబ్ స్టూడియో, మెటా బిజినెస్ సూట్ సమీక్ష

రీల్ పెడదామని ఇన్‌స్టాగ్రామ్ తెరుస్తాం. పెట్టాల్సిన రీల్ గ్యాలరీలోనే ఉంటుంది, ఎదురుగా ఎవరిదో రీల్ ఆడుతూ ఉంటుంది. మామూలు ప్రేక్షకుడైతే యాప్ మూసేసి పక్కన పెట్టొచ్చు. కంటెంట్ చేసేవాళ్లకు ఆ వీలు లేదు. పని చేసే చోటు, పొద్దు పోయే చోటు రెండూ ఒకే గుమ్మంలోంచి పోవాలి. యూట్యూబ్, మెటా రెండూ పెరటి గుమ్మం ఒకటి ఉచితంగానే పెట్టాయి: యూట్యూబ్ స్టూడియో, మెటా బిజినెస్ సూట్. వీటిని ఇక్కడ ఒకే ప్రశ్నతో తూస్తున్నాం: ఫీడ్ కంటపడకుండా పోస్టు పెట్టడం, కామెంట్లకు జవాబివ్వడం, అంకెలు చూడటం, ఈ మూడూ వీటితో అవుతాయా?

యూట్యూబ్ స్టూడియోతో దాదాపు అవుతాయి. కంప్యూటర్‌లో స్టూడియో సైట్, ఫోన్‌లో వైటీ స్టూడియో యాప్. రెండింట్లోనూ హోమ్ ఫీడ్ లేదు, షార్ట్స్ లేవు. అప్‌లోడ్ చేసేటప్పుడు వివరాలు, వీడియో ఎలిమెంట్స్, చెక్స్, విజిబిలిటీ అని దశలు వస్తాయి. చివరి దశలో పబ్లిక్ నొక్కేయడం చాలామంది అలవాటు. షెడ్యూల్ ఎంచుకుని తేదీ, సమయం ఇవ్వండి. అప్పటిదాకా వీడియో ప్రైవేట్‌గా ఉంటుంది. కనీసం ఒక పూట ముందు ఎక్కించి పెట్టమనడానికి రెండు కారణాలున్నాయి. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ వెర్షన్ తయారుచేసి, హెచ్‌డీ, 4కే ఆ తర్వాత చేస్తుంది. ఎక్కించిన వెంటనే పబ్లిక్ చేస్తే మొదట వచ్చిన వీరాభిమానులే మసకబొమ్మ చూస్తారు. రెండోది చెక్స్ దశ. వీడియోలో ఎక్కడో సినిమా పాట బిట్టు పడి ఉంటే కాపీరైట్ క్లెయిమ్ (అది తమదని హక్కుదారు చెప్పుకోవడం) ఇక్కడే బయటపడుతుంది, జనం చూడకముందే ఆ ముక్క తీసేయొచ్చు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు అన్నది గుర్తుంచుకోండి. క్లెయిమ్‌తో మామూలుగా పోయేది ఆ వీడియో ఆదాయం. స్ట్రైకులు, అంటే నిబంధన మీరినందుకు పడే శిక్షలు, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది.

ఒకసారి ఎక్కిన వీడియో ఫైలును మార్చి మరొకటి పెట్టడం కుదరదు. తప్పు దొర్లితే కంప్యూటర్‌లో స్టూడియో ఎడిటర్ తెరిచి ఆ ముక్క కత్తిరించొచ్చు, లింకు, వ్యూస్ అలాగే ఉంటాయి. కత్తిరించాక ప్రాసెసింగ్‌కు గంటలు పట్టొచ్చు, అందాకా పాత వీడియోనే ఆడుతుంది. పెట్టిన పది నిమిషాలకే తప్పు దొరికిందని కంగారుగా డిలీట్ చేసి మళ్లీ ఎక్కించడం ఈ సదుపాయం తెలియకపోవడం వల్ల జరిగే పని.

తెలుగులో శీర్షిక పెట్టేవాళ్లకు స్టూడియోలో ఒక మెలిక ఉంది. శీర్షికకు 100 క్యారెక్టర్ల హద్దు. మనం లెక్కపెట్టుకునే అక్షరాలు వేరు, కంప్యూటర్ లెక్కపెట్టేవి వేరు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘గోంగూర’ కంటికి మూడక్షరాలు, యంత్రానికి ఆరు. ‘స్త్రీ’ ఒక్క అక్షరం, అదీ ఆరే. అంటే మీకు చేతికొచ్చేవి 50 అక్షరాలకు అటూ ఇటూ. అందులో మళ్లీ నిలువు గీతలు కొట్టుకుంటూ ఇంగ్లిష్‌లో అదే పేరు, దాని వెనక ఛానెల్ పేరు కుక్కితే ఫోన్ తెరమీద చుక్కల వెనక పోయేది వాటి తోకే. వంటకం పేరో, సమస్య పేరో ముందు రావాలి. ఇంగ్లిష్ రూపం వివరణలో రాసుకోవచ్చు, అక్కడ 5,000 దాకా చోటుంది. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన మాటను తెచ్చి ఇక్కడ అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి.

చాప్టర్లు (వీడియోను భాగాలుగా విడగొట్టే సమయాల పట్టిక) పెట్టేవాళ్లు వివరణలో మొదటి సమయం 0:00తో మొదలుపెట్టాలి, కనీసం మూడు ఉండాలి, వరసలో ఉండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. ఇందులో ఏది తప్పినా చాప్టర్లు రావు. పైగా ఎందుకు రాలేదో యూట్యూబ్ చెప్పదు.

ఇక స్టూడియోలో అసలు లోపానికి వద్దాం. ఫీడ్ లేదన్నమాటే గానీ ఫీడ్‌లాగే వేలిని లాక్కునే వస్తువొకటి అందులో ఉంది. డాష్‌బోర్డ్ తెరవగానే కొత్త వీడియోకు ర్యాంకు చూపిస్తుంది: గత పది వీడియోల్లో ఇది ఎన్నోది అని. పోల్చేది అవి పెట్టిన తర్వాత ఇంతే సమయంలో తెచ్చుకున్న వ్యూస్‌తో. పదిలో ఒకటో స్థానం వస్తే సంబరం, పదో స్థానమైతే బూడిదరంగు బాణం. పెట్టిన గంటకి ఎనిమిదో స్థానంలో ఉన్న వీడియో సాయంత్రానికి మూడుకు రావచ్చు, మర్నాటికి ఐదుకు పోవచ్చు. ఆ అంకె చూసి మధ్యాహ్నానికల్లా థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం), రాత్రికల్లా శీర్షిక మార్చేవాళ్లకు చివరికి ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియదు. పరీక్ష రాసి హాలు గుమ్మంలోనే మార్కులు అడగడం లాంటి పని ఇది.

థంబ్‌నెయిల్ మీద అనుమానం ఉంటే దానికి సరైన దారి స్టూడియోలోనే ఉంది. కంప్యూటర్‌లో టెస్ట్ అండ్ కంపేర్ అనే సదుపాయంలో మూడు థంబ్‌నెయిల్స్ దాకా ఇవ్వొచ్చు. యూట్యూబ్ వాటిని జనానికి పంచి చూపించి, దేని వల్ల చూసిన సమయం ఎక్కువ వచ్చిందో తేలుస్తుంది. క్లిక్కులతో తేల్చకపోవడం మంచి నిర్ణయం. అరిచే బొమ్మకు క్లిక్కులు వస్తాయి, జనం పది సెకన్లలో వెళ్లిపోతారు. ఫలితానికి రోజులు పడుతుంది, చిన్న ఛానెళ్లలో అసలు తేలకనే పోవచ్చు.

మరి అంకెలు ఎప్పుడు చూడాలి? పెట్టాక 48 గంటలకు ఒకసారి, 28 రోజులకు ఒకసారి చాలు. మొదటిసారి రెండే చూడండి. ఒకటి, ప్రేక్షకులు నిలిచిన గ్రాఫ్‌లో మొదటి 30 సెకన్లు. అక్కడ గీత నిట్టనిలువునా పడితే శీర్షికలో చెప్పినదానికీ వీడియో మొదలైన తీరుకీ పొంతన లేదనే అర్థం. ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్ ఛానెల్’ దగ్గర ఎంతమంది దిగిపోయారో అక్కడ చూసుకోవచ్చు. రెండోది, కనిపించినవాళ్లలో ఎందరు నొక్కారన్న శాతం. సగం ఛానెళ్లలో, వీడియోల్లో ఇది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతోంది. 4 శాతం చూసి దిగులు పడాల్సిందేమీ లేదు. వీడియో ఎక్కువమందికి చేరేకొద్దీ ఈ శాతం తగ్గడం మామూలే.

కామెంట్ల విషయంలో స్టూడియోకు మంచి మార్కులు వేయాలి. ఫిల్టర్‌లో ప్రశ్నలున్నవి, మీరింకా జవాబివ్వనివి మాత్రమే తెప్పించుకోవచ్చు. రోజుకు ఒక్క 20 నిమిషాలు ఈ రెండు ఫిల్టర్లతో కూర్చుంటే పని ఒక కొలిక్కి వస్తుంది. సెట్టింగ్స్‌లో కమ్యూనిటీ మోడరేషన్ కింద నిషేధిత పదాల పెట్టె ఉంది. మనవాళ్ల బూతులు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో వస్తాయి, ఒక్కో తిట్టుకు నాలుగైదు స్పెల్లింగులుంటాయి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ లిపిలో తెలిసిన రూపాలన్నీ, కామాలు పెట్టి ఇవ్వండి. అలాంటి కామెంట్లు పక్కన ఆగుతాయి, 60 రోజుల దాకా అక్కడే ఉంటాయి. వారానికోసారి తొంగిచూడాలి, ఎందుకంటే పాపం మంచి మాటా ఒకటీ అరా అందులో ఇరుక్కుంటుంది. లింకులు ఆపే మీట కూడా అక్కడే ఉంది, వేసేయండి.

పిల్లల పాటలు, కథలు చేసేవాళ్లకో మాట. ‘పిల్లల కోసం చేసినది’ అని గుర్తు పెడితే కామెంట్లు, ఎండ్ స్క్రీన్లు (చివర్లో మీ మిగతా వీడియోలు చూపే తెరలు) పోతాయి. ఆ భయంతో తప్పుగా గుర్తు పెట్టడం ఇంకా పెద్ద తలనొప్పి.

మెటా బిజినెస్ సూట్ సంగతి వేరు. ఉద్దేశం మంచిదే: ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా రెండింటికీ ఒకే చోటునుంచి పోస్టులు, రీల్స్, స్టోరీలు షెడ్యూల్ చేయొచ్చు. ప్లానర్‌లో క్యాలెండర్‌లా కనిపిస్తాయి. మెసెంజర్, ఇన్‌స్టా సందేశాలు, కామెంట్లు ఒకే ఇన్‌బాక్స్‌లో వస్తాయి. పచ్చళ్లో చీరలో అమ్మేవాళ్లకు ఆ ఇన్‌బాక్స్ ఒక్కటే చాలు, దీన్ని వాడటానికి. ‘ధర ఎంత’ అన్న ప్రశ్నకు రోజుకు యాభైసార్లు టైపు చేసే బదులు తరచూ వచ్చే ప్రశ్నలకు సిద్ధజవాబులు పెట్టుకోవచ్చు.

చిక్కులేమో చాలానే ఉన్నాయి. ఇన్‌స్టా ఖాతా ప్రొఫెషనల్‌ది (బిజినెస్ లేదా క్రియేటర్) అయ్యుండాలి, రెండూ ఒకేచోట నడపాలంటే ఫేస్‌బుక్ పేజీకి కలిపి ఉండాలి. ఆ కలపడమే చాలామందికి ఒక పూట పని. పాస్‌వర్డ్ మార్చినప్పుడో, పేజీ అడ్మిన్ మారినప్పుడో ఆ ముడి తెగితే షెడ్యూల్ చేసిన పోస్టు వెళ్లదు. వెళ్లలేదన్న కబురు మిగతా నోటిఫికేషన్ల గుంపులో కలిసిపోతుంది. అందుకే పాస్‌వర్డ్ మార్చిన రోజు ప్లానర్ ఒకసారి తెరిచి చూడాలి. ఇన్‌స్టా యాప్‌లో దొరికే పాటలన్నీ ఇక్కడ దొరకవు, పాట మీదే నడిచే రీల్ అయితే ఇది పనికిరాదు. బిజినెస్ ఖాతాకు పాటల మీద ఇంకా పరిమితులుంటాయి, క్రియేటర్ ఖాతా మేలు. ఇక ఎటు తిరిగినా ‘బూస్ట్ చేయండి’ అన్న బటన్. మూడు వందలతో వెయ్యిమందిని చేరొచ్చన్న రకం ఆశ చూపించే ఆ బటన్ అడుగడుగునా కాలికి తగులుతుంది.

పాట తప్పనిసరైతే ఇన్‌స్టా యాప్‌లోనే షెడ్యూల్ చేసుకోవచ్చు. ప్రొఫెషనల్ ఖాతాలకు 75 రోజుల ముందుదాకా, రోజుకు 25 దాకా వీలుంది. కాకపోతే ఆ పని మళ్లీ ముందుగుమ్మం లోంచే. వారానికి సరిపడా రీల్స్ ఒకే కూర్చుడులో పెట్టేస్తే ఆ గుమ్మం ఒక్కసారే దాటాలి.

కవర్ బొమ్మ దగ్గర ఒక కొలత. రీల్ 1080×1920 ఉంటుంది. ప్రొఫైల్ గ్రిడ్ 2025 జనవరిలో 3:4కు మారింది, అంటే 1080×1440 మాత్రమే కనిపిస్తుంది. పైన 240, కింద 240 పిక్సెళ్లు పోతాయి. తెలుగు అక్షరాలకు తలకట్టు పైన, ఒత్తు కింద ఉంటాయి కదా, అంచుకు దగ్గరగా రాస్తే తలకట్లు తెగిన మాటలు కనిపిస్తాయి. మధ్యలో రాయండి.

సమయం సంగతి. స్టూడియోలో ఆడియన్స్ ట్యాబ్‌లో మీ ప్రేక్షకులు ఏ రోజు, ఏ గంటకు యూట్యూబ్‌లో ఉంటారో ఊదారంగు పట్టీలు చూపిస్తాయి. పెట్టే సమయం వీడియో దీర్ఘకాల వ్యూస్‌ను నేరుగా మారుస్తుందని తేలలేదని యూట్యూబే అంటోంది, కాబట్టి దానికోసం రాత్రి 2 గంటలకు అలారం పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో ప్రేక్షకులు ఎక్కువగా ఉన్న తెలుగు ఛానెళ్లకు మాత్రం ఒక చిన్న లెక్క పనికొస్తుంది. ఇక్కడ ఉదయం 7కు షెడ్యూల్ చేస్తే డాలస్‌లో ముందురోజు సాయంత్రం: వేసవిలో 8:30, చలికాలంలో 7:30. వాళ్లు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుస్తారు. లైవ్ పెట్టేవాళ్లు ఆ రెండు వారాల్లో ముందే చెప్పకపోతే సగంమంది గంట అటూ ఇటూగా వస్తారు.

మూడో పక్షం యాప్‌లలో బఫర్ ఉచిత ప్లాన్ మూడు ఖాతాలకు, ఖాతాకు పది షెడ్యూల్ పోస్టుల చొప్పున ఇస్తుంది. లింక్డిన్ లాంటివి కూడా నడిపేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అంత అవసరం లేదు.

పెరటి గుమ్మం ఉంది గదాని ముందు గుమ్మం దానంతటదే మూసుకోదు. ఇతరుల వీడియోలు చూడటం కూడా వృత్తిలో భాగమే, దానికి వేరే పద్ధతి కావాలి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది తుడిచేస్తే హోమ్ పేజీ ఖాళీగా వస్తుంది. 2023 ఆగస్టు నుంచి ఇలా చేశారు. అప్పుడు వెతికిందే దొరుకుతుంది, సబ్‌స్క్రైబ్ చేసినవే వస్తాయి. ఛానెల్ నడిపే ఖాతాలో ఇది చేయడం మేలు. ఇన్‌స్టాలో పైనున్న లోగో నొక్కి ఫాలోయింగ్ ఎంచుకుంటే మీరు అనుసరించేవాళ్ల పోస్టులే వరసగా వస్తాయి. సూచించే పోస్టులను 30 రోజులపాటు ఆపే మీట సెట్టింగ్స్‌లో ఉంది, గడువయ్యాక మళ్లీ వేసుకోవాలి. మెటా వాళ్ల ఎడిట్స్ యాప్ ఎడిటింగ్‌కు బాగానే ఉంటుంది, వాటర్‌మార్క్ పడదు. కానీ అందులో ఇన్‌స్పిరేషన్ పేరుతో రీల్స్ చూపించే ట్యాబ్ ఉంది. ఎడిటింగ్ మధ్యలో అటు వెళ్లారంటే పెరట్లోంచి మళ్లీ వీధిలోకి వచ్చినట్టే.

ఫోన్ నుంచి ఇన్‌స్టా లైవ్ లాంటి పనులకు మాత్రం అసలు యాప్ తప్పదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోకి వెళ్లి ఇన్‌స్టాకు 30 నిమిషాల టైమర్ పెట్టండి, స్టూడియోకు, బిజినెస్ సూట్‌కు పెట్టకండి. టైమర్ అర్ధరాత్రికి మళ్లీ మొదలవుతుంది. సాయంత్రం లైవ్ ఉంటే పొద్దున ఆ 30 నిమిషాలు ఖర్చు కాకుండా చూసుకోవాలి, లేదంటే లైవ్ మధ్యలో యాప్ మూసుకుపోతుంది.