సైకిల్ సీటు కొనేవాళ్ళు జాగ్రత్త: నోటితో చెప్పిన సైజు వేరు, బిగించి ఇచ్చిన సైజు వేరు

బెంగళూరులో సైకిల్ తొక్కే మనవాళ్ళందరికీ, ముఖ్యంగా ఆడవాళ్ళకి చెప్తున్నాను. ఆ పెద్ద అద్దాల షోరూమ్‌కి సీటు కొనడానికి మాత్రం వెళ్ళకండి. పేరు రాయను. మన గ్రూపుల్లో కొత్తగా ఎవరు ఏం అడిగినా ముందు ఆ షాపు పేరే చెప్తాం కాబట్టి చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఇప్పుడే అక్కడి నుంచి ఇంటికొచ్చాను, హెల్మెట్ పక్కన పడేసి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

విషయం గబగబా చెప్పేస్తా. నాది హైబ్రిడ్ సైకిల్. దాంతో వచ్చిన సీటు ఫోమ్ అణిగిపోయి కవర్ చిరిగిపోయింది. ఈ సీజన్‌లో 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోగా పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి, పేరిద్దామనుకున్నాను. 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి, అంటే రోజంతా సీటు మీదే, కాబట్టి డబ్బు కొంచెం ఎక్కువైనా సరే, కొలిచి ఇచ్చే చోటే కొందామని అక్కడికి వెళ్ళాను. వాళ్ళ దగ్గర కూర్చుంటే గుంటలు పడే మెత్త ఉంది. దాని మీద కూర్చోబెట్టి, రెండు గుంటల మధ్య నుంచి మధ్యకి కొలిచి 118 మిల్లీమీటర్లు అన్నాడు సేల్స్ అబ్బాయి. ఇంతవరకు పద్ధతే. మన బరువు పిరుదుల కింద ఉండే రెండు కూర్చునే ఎముకల మీద పడాలి, సీటు వెనక భాగం ఆ ఎముకల కంటే కొంచెం వెడల్పుండాలి. మరీ వంగి తొక్కేవాళ్ళకి తక్కువ, నిటారుగా కూర్చునేవాళ్ళకి ఎక్కువ, నాలాగా మధ్యస్తంగా వంగేవాళ్ళకి ఆ కొలతకి 20, 25 కలిపితే చాలంటారు. ఆ అబ్బాయి కూడా అదే లెక్క చెప్పి, "అయితే మీకు 145 మేడమ్" అని లోపలికెళ్ళి ఒక నల్ల సీటు తెచ్చి, "ఇది 145, లేడీస్ మోడల్, జెల్" అన్నాడు. నాకు వెడల్పుగా అనిపించి అడిగితే జెల్ ఉంది కాబట్టి అలా కనిపిస్తుంది అన్నాడు. డబ్బా ఏదంటే డిస్‌ప్లేలోది తీశాను, డబ్బా లేదు అన్నాడు. నచ్చకపోతే రెండు వారాల్లో తెచ్చేయండి, మార్చి ఇస్తాం అని కూడా అన్నాడు. ఆ మాట పక్కనే ఓనర్ ఉండగానే అన్నాడు, ఓనర్ తలూపాడు. 4,600 రూపాయలు. బిల్లు మీద "శాడిల్ – 1" అని తప్ప మోడల్ లేదు, సైజు లేదు. వాళ్ళ మెకానికే బిగించి ఇచ్చాడు.

తర్వాత ఆదివారం కె.ఆర్.పురం నుంచి బూదిగెరె మీదుగా దేవనహళ్ళి దాకా వెళ్ళాను, అక్కడి నుంచి నంది హిల్స్ పోదామని. మొదటి గంట హాయిగానే ఉంది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, మెత్తటి సీటు షాపులోనూ మొదటి గంటలోనూ ఎప్పుడూ హాయిగానే ఉంటుంది. బూదిగెరె దాటాక తిమ్మిరి మొదలైంది. లేచి నిలబడి తొక్కితే తగ్గడం, కూర్చోగానే మళ్ళీ రావడం. దేవనహళ్ళి చేరేసరికి ముందు భాగమంతా మొద్దుబారిపోయింది, తొడల లోపలివైపు ఒరుసుకుపోయి మంట. కొండ ఎక్కకుండానే వెనక్కి తిరిగాను. మా వాళ్ళు టీ తాగుతూ కూర్చుంటే నేను నిలబడే ఉన్నాను.

ఇలాంటివి ఆడవాళ్ళం ఎవరికీ చెప్పుకోం. చెప్పినా "అలవాటైపోతుందిలే" అంటారు. ఎముకల దగ్గర కొత్తలో కాస్త నొప్పి ఉంటే అది అలవాటవుతుంది, నిజమే. తిమ్మిరి అలవాటయ్యేది కాదు. మెత్తని పరుపు మీద మోకాలు ఆనిస్తే మోకాలు దిగబడి చుట్టూ ఉన్నది పైకి ఉబ్బుతుంది కదా, మందపాటి జెల్ సీటు మీద కూడా ఎముకలు లోపలికి దిగిపోయి మధ్యలో ఉన్నది పైకి తన్నుకొస్తుంది. అక్కడ ఉండేది ఎముక కాదు, మెత్తటి భాగం, నరాలు, రక్తనాళాలు. అవి నొక్కుకుపోయి తిమ్మిరి వస్తుంది. చాలా సీట్లకి మధ్యలో గాడి గానీ ఖాళీ గానీ పెట్టేది అందుకే. మగవాళ్ళకీ ఇదే సమస్య, వాళ్ళూ చెప్పుకోరు. దయచేసి భరించకండి, సీటు సరిచేసుకున్నా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మా వీధి చివర రిపేరు షాపు అంకుల్ ఉన్నారు. పంక్చర్లు వేస్తూ, పిల్లల సైకిళ్ళు బాగుచేస్తూ ఉంటారు. సీటు బిగింపు చూడమని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సైకిల్‌ని స్టాండ్ వేసి, దూరం నుంచి చూసి, "ముక్కు పైకి ఎత్తి పెట్టారేంటమ్మా" అన్నారు. ఫోన్లో లెవెల్ చూసుకుంటే నిజమే, సీటు ముందు కొన స్పష్టంగా పైకి లేచి ఉంది. సీటుని మొదట సమంగా పెట్టి చూడాలి, అవసరమైతే ముక్కు ఒకటి రెండు డిగ్రీలు దించాలి. పైకి లేపితే నేరుగా ఆ మెత్తటి భాగం మీదే ఒత్తిడి. మరీ దించినా ముందుకి జారిపోయి బరువంతా అరచేతుల మీద, భుజాల మీద పడుతుంది. అంత పేరున్న షాపులో మెకానిక్ ఇంత మాత్రం చూసుకోలేదు. తర్వాత అంకుల్ టేపు తీసి సీటు వెనక వెడల్పు కొలిచారు. 178 మిల్లీమీటర్లు. నేను నమ్మలేక మళ్ళీ నేనే కొలిచాను. 178.

145 అని చెప్పి 178 ఇచ్చారు! ఇది నిటారుగా కూర్చుని మార్కెట్‌కి వెళ్ళొచ్చే సైకిళ్ళకి వేసే సీటమ్మా అన్నారు ఆయన. మా తాతగారి పాత సైకిల్‌కి స్ప్రింగుల సీటు ఇంతే వెడల్పుండేది, ఆయన నిటారుగా కూర్చునేవారు, బరువంతా వెనకే, ఆయనకి అదే సరి. ముందుకి వంగి, గంటలకొద్దీ, ఆగకుండా పెడల్ తిప్పే మనకి అంత వెడల్పు తొడలకి అడ్డం పడుతుంది. అందుకే ఆ ఒరుపు.

ఇవాళ ఆ సీటు తీసుకుని షాపుకి వెళ్ళాను. చెప్పిన రెండు వారాలు ఇంకా దాటలేదు. సేల్స్ అబ్బాయి లేడు, ఓనరే ఉన్నాడు. పక్కన ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు, అందుకని నేను దగ్గరికెళ్ళి మెల్లగా, తిమ్మిరి వస్తోంది, సైజు కూడా మీరు చెప్పింది కాదు, మార్చి ఇవ్వండి అన్నాను. ఆయన సీటు తీసుకుని, తిరగేసి, ఫోన్ టార్చ్ వేసి, కింద ఉండే రెండు రెయిల్స్ మీద వేలు పెట్టి రాశాడు. క్లాంప్ పట్టిన చోట నల్ల పెయింటు లేచి, గోరంత మేర ఇనుము మెరుస్తోంది. "చూడండి మేడమ్, గీతలు. వాడిన సీటు. వాడింది ఎవరు కొంటారు?" అన్నాడు. ఆ గీతలు పడింది మీ మెకానిక్ బిగించినప్పుడే కదండీ, బిగించకుండా సీటు మీద ఎవరు కూర్చోగలరు, కూర్చోకుండా నచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగాను. జవాబు లేదు.

సరే, సైజు సంగతి చెప్పండి అన్నాను. 145 అన్నారు, 178 ఉంది. "ఎవరన్నారు? అన్నట్టు బిల్లులో ఉందా?" అన్నాడు. గోడకి అదే మోడల్ సీటు ఇంకోటి డబ్బాతో సహా వేలాడుతోంది. వెళ్ళి తీసి డబ్బా వెనక స్టిక్కర్ చదివాను. అక్కడ కూడా 178 అనే ఉంది. అది గట్టిగా చదువుతుంటే ఆయన వచ్చి నా చేతిలోంచి డబ్బా లాక్కుని కౌంటర్ కింద పెట్టేశాడు. చేతిలోంచి లాక్కున్నాడండీ, అందరూ చూస్తుండగా.

అది కూడా వదిలేద్దును. ఆ తర్వాత మెకానిక్ వైపు తిరిగి కన్నడలో, "సీటు సరిగ్గానే ఉంది, కూర్చునేవాళ్ళ వెడల్పే సరిగ్గా లేదు" అన్నాడు. మెకానిక్ నవ్వాడు. ఆ కస్టమర్లలో ఒకతనూ నవ్వాడు. నాకు అర్థం కాదనుకున్నాడు. నేను పుట్టి పెరిగింది హిందూపురంలో. మా ఊళ్ళో కన్నడ రాని ఇల్లు తక్కువ. "ఇప్పుడు అన్నది మళ్ళీ ఒకసారి అనండి" అని కన్నడలోనే అడిగాను. ఆయన మొహం మాడిపోయింది, అయినా సారీ అనలేదు. "బిజినెస్ టైమ్, బయటికెళ్ళి మాట్లాడుకోండి" అన్నాడు. మనసులోంచి ఆ నవ్వు పోవడం లేదు. ఎక్కడ నొప్పో చెప్పడానికే ఎంత మొహమాటపడి, గొంతు తగ్గించి చెప్పానో, దాన్నే పట్టుకుని నలుగురిలో అలా మాట్లాడతాడా? ఇంట్లో తన కూతురు ఇదే చెప్తే ఇలాగే నవ్వుతాడా?

ఇందులో భాషల గొడవ వెతకకండి. నాకు సాయం చేసిన అంకుల్‌దీ కన్నడమే. సీటు కొలిచిన రోజే ఆ జెల్ సీటు విప్పి పక్కన పెట్టేసి, తన పెట్టెలోంచి ఒక పాత సన్నటి సీటు తీసి, గట్టిదే కానీ మధ్యలో గాడి ఉంది, దాన్ని నా సైకిల్‌కి బిగించి, ఎక్కించి కొలిచారు. మడమ పెడల్ మీద పెట్టి పెడల్ అడుగుకి వచ్చినప్పుడు కాలు నిటారుగా ఉండాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అదీ ఎత్తు. నాది తక్కువగా ఉందని కొంచెం పెంచారు, పెంచేటప్పుడు పోస్టు (సీటు కింద ఉండే గొట్టం) మీద ఉండే మినిమమ్ గీత ఫ్రేము లోపలే ఉందా అని చూసుకున్నారు. ఆ గీత బయటికి వస్తే పోస్టు గానీ ఫ్రేము గానీ విరగొచ్చు. తర్వాత పెడల్స్ నేలకి సమాంతరంగా ఆపమని, ముందున్న మోకాలి కింద నుంచి బోల్టు కట్టిన దారం వేలాడదీశారు. దారం పెడల్ ఇరుసు మీదికి రావాలట. నాది ముందుకి పడుతోంది, సీటు రెయిల్స్ మీద కాస్త వెనక్కి జరిపారు. అందరికీ కచ్చితంగా ఇదే కొలత అని కాదమ్మా, ఇక్కడి నుంచి మొదలుపెట్టి నీ ఒంటికి తగ్గట్టు కొంచెం కొంచెం మార్చుకో, ఒక్కసారికి ఒక్కటే మార్చు అన్నారు. అంత ఖరీదైన షోరూమ్‌లో ఎవరూ చేయని పని ఆయన ఫుట్‌పాత్ మీద చేశారు. డబ్బులు కూడా తీసుకోనంటే బలవంతంగా ఇచ్చాను. ఆ సీటు మీద హొసకోట దాకా వెళ్ళొచ్చాను, ఎముకల దగ్గర కొంచెం నొప్పి, తిమ్మిరి మాత్రం లేదు.

డబ్బు సంగతి వదిలిపెట్టను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. కొలత తప్పు చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అందులోకే వస్తుంది. హెల్ప్‌లైన్‌తో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకి అక్కడ ఫీజు కూడా లేదు. సీటు బిగించడం అయ్యాక సేల్స్ అబ్బాయి "145 రెడీగా ఉంది మేడమ్, వచ్చేయండి" అని పంపిన మెసేజ్ ఫోన్లో ఇంకా ఉంది, అది చాలు నాకు.

మీరు ఎక్కడ కొన్నా సరే, బిల్లు మీద మోడల్, వెడల్పు రాయించుకోండి, మార్చి ఇస్తామంటే ఆ మాట కూడా రాయించుకోండి. డబ్బా అడగండి, లేదంటే టేపుతో అక్కడే కొలవండి. ఇంట్లో అట్టముక్క గట్టి కుర్చీ మీద వేసి, కాళ్ళు కొంచెం ఎత్తి కూర్చుంటే రెండు గుంటలు పడతాయి, వాటి మధ్య దూరం ముందే తెలుసుకుని వెళ్ళండి. లేడీస్ సీటు అనగానే వెడల్పూ జెల్లూ అంటగడతారు, ఒప్పుకోకండి.

ఆ షాపులో ఇలాగే ఇబ్బంది పడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, బిల్లు ఫోటో ఉంటే ఇంకా మంచిది. అందరం కలిసి ఇస్తే ఫిర్యాదుకి బలం ఉంటుంది. అలాగే 145 చుట్టుపక్కల, మధ్యలో గాడి ఉన్న సీటు ఎవరి దగ్గరైనా వాడకుండా పడి ఉంటే చెప్పండి, అంకుల్ సీటు ఆయనకి తిరిగి ఇచ్చెయ్యాలి.